రాక్ కొనే ముందు కారు కిందికి దూరి చూడండి

తలకోన, హార్స్‌లీ హిల్స్, ఇటుపక్క కల్యాణీ డ్యామ్ రోడ్డు, రంగంపేట చుట్టూ ఉండే అడివి దారులు, సైకిల్ తొక్కేవాళ్ళకి మన తిరుపతి చుట్టుపక్కల ఉన్నంత మంచి రోడ్లు ఇంకో ఊళ్ళో కష్టం అని నేను గట్టిగా నమ్ముతా. కానీ ఇంటికాడ సైకిలెక్కి భాకరాపేట ఘాటు దాటి తలకోన దాకా తొక్కి మళ్ళీ సాయంత్రానికి తొక్కుకుంటా ఇంటికి రావడం అందరివల్లా అయ్యే పని కాదు, పిల్లోళ్ళు కూడా వస్తామంటే అసలే కాదు, అందుకే సైకిళ్ళని కారుకి తగిలించుకుని ఆడిదాకా పోయి ఆడ్నించి తొక్కుదాం అనే ఆలోచన మా బ్యాచ్‌లో అందరికీ ఉంది. నన్ను ఎక్కువమంది అడిగేది ఒకటే, కారు వెనక సైకిళ్ళని పట్టుకునే స్టాండు, అదే రాక్, ఏది కొనాలన్నా అని. నేను చెప్పేది కూడా ఒకటే, రాక్ సంగతి తర్వాత, ముందు కారు కిందికి దూరి ఒకసారి చూడండి అని.

ఎందుకంటే రాక్ అనేది డబ్బులు పెడితే ఎప్పుడైనా దొరుకుతాది, నచ్చకుంటే అమ్మేసి ఇంకోటి తీసుకోవచ్చు. ఆ రాక్‌ని పట్టుకుని ఉండే హిచ్ రిసీవర్ మాత్రం కారు ఛాసీకి బోల్టులు బిగించి పెట్టే వస్తువు, అది ఏ ఇనుముకి బిగించినారు, ఎన్ని బోల్టులతో బిగించినారు, ఎంత బరువు తట్టుకుంటాది అనేదాని మీదే మన సైకిళ్ళు, మన వెనకాల బైక్ మీద వచ్చేవాళ్ళ ప్రాణాలు ఆధారపడి ఉంటాయి. అంగడోళ్ళు మనకి సైజు చెప్తారు, రేటు చెప్తారు, "ఏం కాదు సార్, నాలుగు సైకిళ్ళు ఎక్కినా ఏం కాదు" అంటారు, కానీ మీ కారులో అది యాడ కూర్చుంటాదో ఎవరూ చెప్పరు. అది మనమే చూసుకోవాల.

ముందు వస్తువు ఏందో చెప్తా. కారు వెనక బంపర్ కింద అడ్డంగా ఒక గట్టి ఇనుప బీమ్, దాని మధ్యలో వెనక్కి తెరుచుకుని ఉండే ఒక చదరపు గొట్టం, అంతే. రాక్‌కి ఉండే చదరపు కడ్డీ ఆ గొట్టంలోకి దూరతాది, పక్కనుంచి ఒక పిన్ను గుచ్చితే ఆగిపోతాది. ఈ గొట్టం లోపలి కొలత మామూలుగా రెండు రకాలు, ఒకటింపావు అంగుళం, రెండు అంగుళాలు. ఇంకా పెద్దవి కూడా ఉండాయి గానీ అవి పెద్ద ట్రైలర్లు లాగే బండ్లకి, సైకిళ్ళకి మనకి అవసరం లేదు. ఒకటింపావు అంగుళం దానికి పిన్ను అర అంగుళం లావు, రెండు అంగుళాల దానికి అయిదు బై ఎనిమిది అంగుళం, అంటే దగ్గర దగ్గర 16 మిల్లీమీటర్లు. రెండిట్లో ఏది అని అడిగితే నా జవాబు రెండు అంగుళాలదే, మీ కారు ఒప్పుకుంటే. రాక్ కంపెనీలు ఒకటింపావు అంగుళానికి మామూలుగా రెండు సైకిళ్ళ దాకానే ఒప్పుకుంటాయి, చక్రాలు కూర్చోబెట్టే మంచి ప్లాట్‌ఫామ్ రాకులు, నాలుగు సైకిళ్ళవి అన్నీ రెండు అంగుళాలకే వస్తాయి. చిన్న గొట్టం పెట్టించుకుని తర్వాత పెద్ద రాక్ కోసం మధ్యలో ఒక అడాప్టర్ వేసుకుందాంలే అనుకుంటారు చాలామంది, ఆ అడాప్టర్ వల్ల సైకిళ్ళు ఇంకా వెనక్కి జరుగుతాయి, గొట్టం మోయగలిగే బరువేమో తగ్గుతాది, కంపెనీలు చాలావరకు సగానికి సగం తగ్గించి లెక్కేసుకోమంటాయి.

ఈడ మన దేశంలో ఒక గందరగోళం ఉంది. ఇక్కడ యాక్సెసరీ అంగళ్ళలో టో బార్ అని అడిగితే చూపించేది చాలావరకు 50 మిల్లీమీటర్ల బాల్ ఉండే బార్. అది ట్రైలర్ లాగడానికి, పైన గుండు మాదిరి ఉంటాది. యూరప్ పద్ధతి రాకులు ఆ గుండు మీదే కూర్చుంటాయి, అమెరికా పద్ధతి రాకులకి చదరపు గొట్టం కావాల. 50 మిల్లీమీటర్లు అంటే ఇంచుమించు రెండు అంగుళాలే కదా అని కొందరు దాన్ని చూసి రెండంగుళాల రాక్ ఆర్డర్ పెట్టేస్తా ఉంటారు, ఒకటి గుండు కొలత, ఇంకోటి గొట్టం లోపలి కొలత, రెండిటికీ ఏ సంబంధం లేదు. అట్లనే మన ఊళ్ళో చదరపు పైపు కొని ఫ్యాబ్రికేషన్ చేయించుకుందాం అనుకునేవాళ్ళకి ఇంకో మాట, రెండు అంగుళాలంటే 50.8 మిల్లీమీటర్లు, మన మార్కెట్లో లోపల సరిగ్గా 50 వచ్చే పైపు దొరికితే ఆ 0.8 తేడాకే రాక్ కడ్డీ దూరదు, పైగా పైపు లోపల వెల్డింగ్ గీత ఒకటి అడ్డం ఉంటాది. కాబట్టి కొనే ముందే మీ రాక్ గుండు మీద కూర్చునేదా, గొట్టంలో దూరేదా అన్నది తేల్చుకోండి.

ఇంక బరువు. హిచ్‌లని క్లాసులుగా అమ్ముతారు, క్లాస్ 1, 2, 3 అట్ల. ప్రతిదానికీ రెండు అంకెలు ఉంటాయి, ఒకటి అది లాగగలిగే ట్రైలర్ మొత్తం బరువు, రెండోది గొట్టం మీద నిలువుగా కిందికి పడే బరువు. పెట్టె మీద పెద్ద అక్షరాల్లో మొదటి అంకె రాస్తారు, చూడగానే 900 కేజీలు అని కనపడతాది, మన రెండు సైకిళ్ళు ఒక లెక్కా అనిపిస్తాది. సైకిల్ రాక్‌కి పనికొచ్చేది ఆ అంకె కాదు, రెండోది. క్లాస్ 1 అంటే లాగడానికి 2,000 పౌండ్లు, అంటే 907 కేజీలు, కానీ నిలువు బరువు 200 పౌండ్లే, 90 కేజీలు. క్లాస్ 2కి నిలువుగా 350 పౌండ్లు, సుమారు 159 కేజీలు. క్లాస్ 3 దాని కంటే చాలా ఎక్కువ, కొన్నిటికి 800 పౌండ్ల దాకా ఉంటాది. యూరప్ బార్లయితే ప్లేటు మీద ఎస్ అని రాసి పక్కన 75, 100 అని కేజీల్లో రాస్తారు, అది నిలువు బరువే. ప్లేటే లేని బార్ అయితే నేను ముట్టుకోను, ఎంత లావుగా కనపడినా సరే.

ఇప్పుడు మన లెక్క వేసుకుందాం. మామూలు హైబ్రిడ్ సైకిల్ ఒకటి 15 కేజీలు అనుకోండి, రెండు అంటే 30. ప్లాట్‌ఫామ్ రాక్ 22 కేజీల దాకా ఉంటాది, మొత్తం 52. ఓహో 90లో 52 అంతే కదా, క్లాస్ 1 చాలు అనిపిస్తాది. ఆడే ఆగాల. నిండు బిందెని చంకన పెట్టుకుని నడిచే ఆడమనిషినే అదే బిందె చెయ్యి చాపి పట్టుకోమంటే రెండు అడుగులు కూడా వేయలేదు, బరువు అదే, దూరం మారింది. ట్రైలర్ బాల్ అనేది పిన్నుకి దగ్గరగా, జానెడు దూరంలో ఉంటాది, మన సైకిళ్ళ బరువు మాత్రం పిన్ను నించి రెండడుగులు, ఇంకా ఎక్కువ దూరంలో వేలాడతా ఉంటాది. దాని మీద మన స్పీడ్ బ్రేకర్లు. ఊళ్ళు దాటేటప్పుడు పెయింట్ కూడా లేని బ్రేకర్ ఎక్కి దిగినప్పుడు ఆ 52 కేజీలు ఒక్క క్షణం రెండింతలై గుంజుతాయి. ఇంకో తేడా ఏందంటే ట్రైలర్‌కి దాని చక్రాలు దానికుంటాయి, సైకిల్ రాక్‌కి ఏ ఆసరా లేదు, పైకీ కిందికీ పక్కలకీ ఊగే ఊపంతా ఆ ఒక్క గొట్టమే మోయాల.

అందుకే నా వరకు ఒక కొలత పెట్టుకున్నా, రాక్ ప్లస్ సైకిళ్ళు కలిపి ఎంత వచ్చిందో దానికి రెండింతలు నిలువు బరువు రాసిన హిచ్చే తీసుకోవాల. 52కి రెండింతలు 104, అంటే క్లాస్ 1 కుదరదు, క్లాస్ 2 సరిపోతాది. నాలుగు సైకిళ్ళయితే 60, పెద్ద రాక్ 35 అనుకుంటే 95, రెండింతలు 190, ఇంక క్లాస్ 3 తప్ప వేరే మాటే లేదు. ఎలక్ట్రిక్ సైకిళ్ళు ఒక్కోటి 20 కేజీలు సులభంగా దాటతాయి, వాటికి రెండిటికే ఈ లెక్క మారిపోతాది, బ్యాటరీ తీసి లోపల పెట్టుకుంటే రొంత తగ్గుతాది. ఇంకొకటి మర్చిపోవద్దు, హిచ్‌ది ఒక హద్దు, రాక్‌ది ఒక హద్దు, కారుది ఒక హద్దు, ఈ మూడిట్లో ఏది తక్కువయితే అదే మన హద్దు. క్లాస్ 3 హిచ్ తెచ్చి చిన్న కారుకి బిగించినంత మాత్రాన ఆ కారు క్లాస్ 3 అయిపోదు.

కారు మీద పడే బరువు కూడా మనం అనుకునేంత ఉండదు, ఎక్కువే ఉంటాది. మా బావది ఇన్నోవా క్రిస్టా, దాని వీల్‌బేస్, అంటే ముందు చక్రం మధ్య నించి వెనక చక్రం మధ్య దాకా దూరం, 2,750 మిల్లీమీటర్లు. వెనక యాక్సిల్ నించి సైకిళ్ళ మధ్యభాగం దాకా సుమారు 1,800 అనుకుంటే, 52 కేజీలు తగిలిస్తే వెనక యాక్సిల్ మీద పడేది 52 కాదు, దగ్గర దగ్గర 86 కేజీలు, ముందు చక్రాల మీద బరువేమో 34 కేజీలు తగ్గిపోతాది. దాంట్లో వెనక సీట్లో ముగ్గురు, డిక్కీలో సామాను ఉంటే వెనక పక్క ఎంత కుంగుతాదో ఆలోచించండి. ఘాటు రోడ్డు దిగేటప్పుడు ముందు చక్రాలు తేలికగా ఉండటం మంచిది కాదు, బ్రేకు పడేది ఎక్కువ వాటి మీదే. కాబట్టి సైకిళ్ళు వెనక ఉన్న రోజు బరువు సామాను వెనక సీటు ముందరికి జరపండి, డోర్ పక్కన స్టిక్కర్ మీద ఫుల్ లోడ్‌కి ఎంత గాలి రాసి ఉంటే అంత కొట్టించండి.

ఇప్పుడు అసలు విషయం, కారు కింద ఏముంది అనేది. కార్లు రెండు రకాలు. కొన్నిటికి కింద నిచ్చెన ఆకారంలో ఛాసీ విడిగా ఉంటాది, దాని మీద బాడీ కూర్చుంటాది. క్రిస్టా, ఫార్చ్యూనర్, థార్, స్కార్పియో, బొలెరో, జిమ్నీ ఇవన్నీ అట్లాంటివి. మన శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు వీ-క్రాస్ పికప్ కూడా అంతే. వీటికి వెనక దాకా రెండు లావు ఇనుప రెయిళ్ళు వస్తాయి, హిచ్‌ని ఆ రెయిళ్ళకే బిగిస్తారు, బలం సంగతి బెంగ లేదు. రెండో రకం మోనోకాక్, ఛాసీ విడిగా ఉండదు, వంచిన రేకులనే కలిపి మొత్తం బాడీ చేసుంటారు. బ్రెజా, క్రెటా, నెక్సాన్, స్విఫ్ట్, బలేనో అన్నీ ఇవే. పేరు చూసి మోసపోవద్దు, ఇన్నోవా క్రిస్టాకి ఛాసీ ఉంది, ఇన్నోవా హైక్రాస్ మోనోకాక్, రెండిట్నీ ఇన్నోవా అనే పిలుస్తాం గానీ కింద దూరి చూస్తే పూర్తిగా వేరే బండ్లు.

మోనోకాక్ కార్లకి హిచ్ పెట్టకూడదని కాదు, బయట దేశాల్లో చిన్న చిన్న కార్లకి కూడా పెట్టుకుంటారు. కాకపోతే ఆ కారు మోడల్ కోసమే డిజైన్ చేసి, పరీక్ష చేసి, రేకు పొరలు ఎక్కువగా ఉండి కంపెనీవాడే నట్టు వెల్డ్ చేసి పెట్టిన చోట బిగించేలాగా చేసుంటారు. అట్లాంటిది మన మోడల్‌కి దొరికితే సంతోషం. లేకుంటే ఏదో ఒకటి తెచ్చి స్పేర్ వీల్ పెట్టే రేకుకి రంధ్రాలు కొట్టి బిగిస్తామంటే ఒప్పుకోవద్దు, ఆ రేకు స్టెప్నీ మోయడానికి చేసింది, వెనక్కి వేలాడే 52 కేజీలు గుంజడానికి కాదు, కొన్నాళ్ళకి బోల్టు చుట్టూ చీలిక వస్తాది, అది పైనించి కనపడదు. కారు మాన్యువల్లో ట్రైలర్ గురించి ఒక పేజీ ఉంటాది, దాన్ని తీసి చదవండి. ఈ వాహనం ట్రైలర్ లాగడానికి చేసింది కాదు అని రాసి ఉంటే హిచ్ ఆలోచన అక్కడే ఆపేయడం మేలు. ఇంకో ముఖ్యమైన మాట, కారుతో పాటు టూల్ కిట్‌లో వచ్చే మర తిప్పి బిగించే టోయింగ్ హుక్ ఉంటాది చూడండి, అది బండి ఆగిపోతే తాడు కట్టి లాగడానికి మాత్రమే, దానికి రాక్ తగిలించే ఆలోచన పెట్టుకోవద్దు.

మా ఆటోనగర్‌లో అడిగితే వెల్డింగ్ చేసి ఇస్తామన్నారు. "అన్నా, రెండు గంటల పని, సాయంత్రానికి బండి తీసుకుపోవచ్చు" అన్నాడు ఆ మేస్త్రి, పని మీద నాకు గౌరవమే, వాళ్ళు లారీ ఛాసీలకే అతుకులు వేసే చేతులు. కానీ నేను వద్దన్నా, బావకి కూడా వద్దనే చెప్పినా. కారు ఛాసీ రెయిలుని వేడి చేస్తే ఆ చుట్టుపక్కల ఇనుము గుణం మారిపోతాది, పైన పూసిన తుప్పు పట్టని కోటింగ్ కాలిపోతాది, ఆ తర్వాత మన అక్టోబర్, నవంబర్ వానల్లో లోపలివైపు నించి తుప్పు మొదలవుతాది. బోల్టులతో బిగించేదయితే విప్పి చూసుకోవచ్చు, మార్చుకోవచ్చు, బండి అమ్మేటప్పుడు తీసేయచ్చు. బోల్టులు కూడా తల మీద బలం గ్రేడు 8.8 గానీ 10.9 గానీ రాసినవే వాడాల, ఏ అంకే లేని బోల్టు పక్కన పెట్టేయండి. ఎంత బిగువు పడిందో కొలిచి చూపించే టార్క్ రెంచి లేకుండా పానా పట్టుకుని బలమంతా పెట్టి బిగించే చోట ఈ పని చేయించొద్దు.

కిందికి దూరినప్పుడు ఇంకా ఏమేం చూడాలంటే, మొట్టమొదట స్టెప్నీ. క్రిస్టాకి స్టెప్నీ వెనక అడుగున వేలాడతా ఉంటాది, చైన్ తిప్పి కిందికి దించాల. హిచ్ బీమ్ దానికి అడ్డం వస్తే రాత్రిపూట అడివి రోడ్డులో టైరు పంక్చరయినప్పుడు ఏం చేస్తారు, కాబట్టి హిచ్ పెట్టినాక అక్కడే షెడ్డులోనే స్టెప్నీ ఒకసారి పూర్తిగా దించి మళ్ళీ ఎక్కించి చూడమని చెప్పండి, ఆ అయిదు నిమిషాలకి మొహమాటపడొద్దు. రెండోది సైలెన్సర్ గొట్టం, దాని నోరు సైకిల్ చక్రానికి నేరుగా తగిలేటట్టు ఉంటే గంటసేపు ప్రయాణంలో టైరు, రిమ్ము వేడెక్కి పాడవుతాయి, కార్బన్ రిమ్ములయితే మరీ జాగ్రత్త. సీఎన్‌జీ బండ్లయితే సిలిండర్ ఉండే చోటు, దాని పైపులు పోయే దారి చూసుకోవాల, ఆ చుట్టుపక్కల డ్రిల్ పెట్టనివ్వొద్దు. తర్వాత నేలకి ఎత్తు. గొట్టం ఎంత కిందికి వేలాడితే అంత త్వరగా రోడ్డుకి గీసుకుంటాది, మన వీధుల్లో ఇంటి ముందు కాలవ దాటించే ర్యాంపులు ఉంటాయి కదా, ఆడ తగులుతాది ముందు. బంపర్‌కి వీలైనంత పైకి, లోపలికి జరిగి ఉండే డిజైన్ తీసుకోండి, ధర ఎక్కువైనా.

పార్కింగ్ సెన్సార్లు రాక్ పెట్టినప్పటి నించి రివర్స్ వేస్తే చాలు మోగతానే ఉంటాయి, కెమెరాలో సైకిల్ చక్రాలు తప్ప ఏమీ కనపడవు, దానికి అలవాటు పడాల, పైగా బండి పొడుగు ఒక మీటరు దాకా పెరుగుతాది, గోవిందరాజస్వామి గుడి చుట్టూ ఉండే వీధుల్లో రివర్స్ తీసేటప్పుడు ఒకరు దిగి నిలబడి చెప్పాల్సిందే.

ఇంక అందరూ తేలిగ్గా తీసుకునే విషయం సైకిల్ పొడుగు. రోడ్ సైకిల్ వీల్‌బేస్ ఒక మీటరు, దానికి చక్రం వ్యాసం 68 సెంటీమీటర్లు కలిపితే మొత్తం 168 సెంటీమీటర్లు. క్రిస్టా వెడల్పు 183, బ్రెజా 179, కాబట్టి అడ్డంగా పెడితే లోపలే ఉంటాది. స్విఫ్ట్, ఎర్టిగా 173.5, అక్కడికి సరిపోతాది. కానీ 29 అంగుళాల చక్రాల ఎంటీబీ, అంటే కొండదారుల సైకిల్ ఉంటే వీల్‌బేస్ 115, 120 దాకా ఉంటాది, చక్రంతో కలిపితే 190 దాటతాది, అది ఈ కార్లన్నిటికీ పక్కలకి పొడుచుకొస్తాది. ఘాటు మలుపులో ఎదురుగా బస్సు వచ్చినప్పుడు ఆ పది సెంటీమీటర్లే గుచ్చుకుంటాయి. ముందు చక్రం లేకున్నా పట్టుకునే రాక్ అయితే ఆ చక్రం విప్పి కారులో వేసుకోండి, చేత్తో తిప్పి విప్పే క్విక్ రిలీజ్ ఉంటే అరనిమిషం పని.

చట్టం సంగతి కూడా చెప్పకపోతే తప్పు. మోటారు వాహనాల చట్టం 1988లో సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్ని మనం మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీం కోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. 2017 డిసెంబర్లో కేంద్ర రవాణా శాఖ ముందు వైపు బిగించే క్రాష్ గార్డులు, బుల్ బార్ల మీద చర్య తీసుకోమని రాష్ట్రాలకి రాసింది, ఎందుకంటే అవి గుద్దినప్పుడు నడిచేవాళ్ళకి ప్రమాదం, దెబ్బ నేరుగా ఛాసీకి పోతాది. వెనక గొట్టం కూడా బంపర్ దాటి బయటికి వస్తే అంతే, వెనకనుంచి ఎవరైనా మెల్లగా తగిలినా బంపర్ కంటే ముందు ఇనుమే తగులుతాది. కంపెనీ యాక్సెసరీ లిస్టులో మీ మోడల్‌కి టో బార్ ఉంటే అదే తీసుకుని బిల్లు బండిలో పెట్టుకోండి, లేకుంటే బిగించే ముందు ఆర్టీవో ఆఫీసులో అడగండి, ఇన్సూరెన్స్ కంపెనీకి మెయిల్ పెట్టి జవాబు తెప్పించుకోండి. రాక్ వాడని రోజు రాక్ తీసి ఇంట్లో పెట్టేయాల, ఉత్త రాక్ తగిలించుకుని ఊళ్ళో తిరగడం నాకసలు నచ్చదు, సందులో నడిచేవాళ్ళ మోకాళ్ళకి సరిగ్గా ఆ ఎత్తులో ఉంటాది అది.

లోడు హద్దు దాటి పొడుచుకొస్తే 2019 సవరణ తర్వాత జరిమానా 20,000 రూపాయలు. నంబర్ ప్లేటు, వెనక లైట్లు కనపడాల, అది ఫైన్ కోసం కాదు, భాకరాపేట ఘాటులో చీకటి పడినాక మన వెనక వచ్చే లారీ డ్రైవర్‌కి మన బ్రేకు లైటు కనపడకుంటే ఏమవుతాదో ఆ రోడ్డులో తిరిగేవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. సైకిల్ చక్రాలు, పెడళ్ళు, సీటు కవర్లు అన్నీ కలిసి లైట్లని సగం మూసేస్తాయి. ఇద్దరు మనుషులు కావాల, ఒకరు లోపల కూర్చుని బ్రేకు, రెండు ఇండికేటర్లు, రివర్స్ ఒకటొకటే వేస్తా ఉంటే ఇంకొకరు ఇరవై అడుగుల వెనక, అట్లనే పక్కనుంచి కూడా నిలబడి చూడాల. సరిగ్గా కనపడకుంటే రాక్ మీద పెట్టే లైటు బోర్డు తీసుకోండి, దానికి ఏడు పిన్నుల సాకెట్ హిచ్ పక్కన పెట్టిస్తారు. వైరింగ్ కోసం లైటు వైర్లు కోసి అతుకులు వేయించొద్దు, కారు కనెక్టర్ల మధ్యలో దూరే రెడీమేడ్ వైర్ల కట్ట, హార్నెస్ అంటారు, దొరుకుతాది, అదే వేయించండి, కొత్త బండ్లలో వైరు కోస్తే వారంటీ మాట అటుంచి డ్యాష్‌బోర్డు మీద వార్నింగ్ లైట్లు వెలుగుతా ఉంటాయి.

రాక్ విషయం తొందరగా చెప్పేస్తా. వేలాడదీసే రకం తేలిక, చవక, కానీ ఆడవాళ్ళ సైకిళ్ళకి, పిల్లోళ్ళ సైకిళ్ళకి పైన అడ్డ కడ్డీ ఉండదు కాబట్టి విడిగా ఒక అడాప్టర్ కడ్డీ కావాల, సైకిళ్ళు ఒకదానికొకటి రాసుకుంటాయి. చక్రాలు కూర్చోబెట్టే ప్లాట్‌ఫామ్ రకం బరువు, ధర ఎక్కువ, అయినా నేను అదే చెప్తా. వంగే రకం అయితే సైకిళ్ళు ఉండగానే డిక్కీ తెరుచుకుంటాది, క్రిస్టా డిక్కీ డోరు పైకి లేస్తాది కాబట్టి ఇది తప్పనిసరి. గొట్టంలో కడ్డీకి రొంత సందు ఉంటాది, అందువల్ల రాక్ కటకట కొట్టుకుంటాది, ఆ శబ్దం చిరాకే గానీ దానికంటే ఆ ఊపు వల్ల గొట్టం రంధ్రాలు అరిగిపోతాయి. మర ఉండే పిన్ను, లేదా లోపల చీల బిగించి ఊగకుండా ఆపే యాంటీ వాబుల్ ఏర్పాటు ఉండే రాక్ చూసుకోండి, పిన్నుకి తాళం కూడా.

పైకప్పు మీద పెట్టుకోవచ్చు కదా అంటారు. క్రిస్టా ఎత్తే 1,795 మిల్లీమీటర్లు, దాని మీద సైకిల్ నిలబెడితే మూడు మీటర్ల దగ్గరికి పోతాది, ఎత్తి పెట్టాలంటే స్టూలు కావాల, రైల్వే అండర్‌బ్రిడ్జిలు, తలకోన దారిలో వంగిన కొమ్మలు ప్రతిసారీ గుర్తుపెట్టుకోవాల. డిక్కీకి బెల్టులతో కట్టే రాక్ రెండు తేలిక సైకిళ్ళకి దగ్గరి దూరానికి పర్లేదు, స్పాయిలర్ ప్లాస్టిక్ మీద బెల్టు పడకుండా, దారిలో ఆగిన ప్రతి చోటా బెల్టు బిగువు చూసుకుంటా పోతే.

చివరికి మేం ఏం చేసినామంటే బావ క్రిస్టాకి క్లాస్ 3, రెండు అంగుళాల రిసీవర్, ఛాసీ రెయిళ్ళకి ముందే ఉండే రంధ్రాల్లో బోల్టులతో బిగించేది తీసుకున్నాం. నా బ్రెజాకి హిచ్ వేయించలేదు, వేయించను కూడా. నేనొక్కణ్ణే పోయే రోజు వెనక సీట్లు మడిచి, ముందు చక్రం విప్పి, పాత దుప్పటి పరిచి సైకిల్ లోపలే పెట్టుకుంటా, ఒక్క సైకిల్ కోసం ఇంకేం అక్కర్లేదు. మీ ఇంట్లో ఒకరో ఇద్దరో తొక్కేవాళ్ళయితే కొనే ముందు ఈ పద్ధతి ఒకసారి ప్రయత్నించి చూడండి, బోలెడు డబ్బులు మిగలొచ్చు.

బిగించినాక ఒక యాభై అరవై కిలోమీటర్లు తిరిగి బండి మళ్ళీ షెడ్డుకి తీసుకుపోయి బోల్టులన్నీ టార్క్ రెంచితో చూపించండి, కొత్త బోల్టులు మొదట్లో కుదురుకుంటాయి. ఆ తర్వాత బోల్టు తల మీద, పక్కన బీమ్ మీద కలిసేటట్టు తెల్ల పెయింట్‌తో ఒక గీత గీయండి, గీత రెండు ముక్కలుగా కనపడిన రోజు బోల్టు తిరిగిందని అర్థం. గొట్టం నోటికి ప్లాస్టిక్ మూత పెట్టండి, లేకుంటే వానాకాలం ఎర్రమట్టి అంతా లోపలికి పోయి గట్టిపడి రాక్ దూరదు. తలకోనలో బండి ఆపి జలపాతం కాడికి నడిచిపోయేటప్పుడు సైకిళ్ళ సీటు కింద సంచులు తీసుకుని వెళ్ళండి, ఆడ కోతులు జిప్పులు తీసేస్తాయి.